పేజీ ఫాల్ట్ హ్యాండిల్‌ను ఎవరి చేతికి ఇస్తున్నాం?

ప్రశ్న: మేము సొంతంగా రాసుకున్న వర్చువల్ మెషిన్ మానిటర్‌లో (వర్చువల్ మెషిన్లను నడిపే ప్రోగ్రామ్), స్నాప్‌షాట్ (ముందే దాచిన మెషిన్ స్థితి) నుంచి మెషిన్‌ను లేపేటప్పుడు మెమరీ మొత్తాన్ని ముందే నింపకుండా, గెస్ట్ (మెషిన్ లోపల నడిచే సిస్టమ్) తాకిన పేజీని తాకినప్పుడే ఇచ్చే ఏర్పాటు చేస్తున్నాం. పేజీలు ఇచ్చే పని వేరే హ్యాండ్లర్ ప్రాసెస్‌ది. పేజీ ఫాల్ట్‌లను, అంటే మెమరీలో ఇంకా లేని పేజీని తాకినప్పుడు వచ్చే అంతరాయాలను, మామూలు ప్రోగ్రామ్‌కు అప్పగించే లైనక్స్ సౌకర్యం యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డి. దాని డిస్క్రిప్టర్ నంబరును యునిక్స్ సాకెట్ (ఒకే కంప్యూటర్‌లోని ప్రాసెస్‌లు మాట్లాడుకునే దారి) మీద పంపితే, హ్యాండ్లర్‌లో అది చెల్లని డిస్క్రిప్టర్ అని ఎర్రర్ వచ్చింది. సరైన పద్ధతి ఏమిటి? భద్రత విషయంలో వేటిని గమనించాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డిస్క్రిప్టర్ నంబరుకు విలువ దాన్ని తెరిచిన ప్రాసెస్ లోపలే ఉంటుంది. గుడి ముందు చెప్పుల స్టాండులో ఇచ్చిన 7వ నంబరు టోకెన్‌ను పక్క స్టాండులో చూపిస్తే మన చెప్పులు రావు. అక్కడ ఆ నంబరులో ఏమీ లేకపోవచ్చు, వేరొకరి చెప్పులైనా ఉండవచ్చు. మీకు ఎర్రర్ రావడమే మేలైంది. హ్యాండ్లర్‌లో అదే నంబరుతో మరో ఫైల్ తెరిచి ఉంటే, తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి చాలా కాలం పట్టేది.

పంపవలసింది నంబరును కాదు, హక్కును. యునిక్స్ సాకెట్ మీద సెండ్‌ఎంఎస్‌జీ కాల్‌తో, ఎస్‌సీఎం రైట్స్ అనే అనుబంధ సందేశంలో డిస్క్రిప్టర్‌ను పెడితే, కెర్నల్ అవతలి ప్రాసెస్ పట్టికలో కొత్త నంబరు కేటాయించి, దాన్ని అదే తెరిచిన వస్తువుకు కలుపుతుంది. దానితో పాటు కనీసం ఒక బైటు మామూలు డేటా కూడా వెళ్లాలి. ఫైర్‌క్రాకర్ అనే ఓపెన్ సోర్స్ మానిటర్ ఆ డేటా స్థానంలో, గెస్ట్ మెమరీలోని ఏ భాగం ఏ చిరునామాలో మొదలవుతుందో, ఎంత పరిమాణమో, స్నాప్‌షాట్ ఫైల్‌లో ఎక్కడ ఉందో తెలిపే జేసన్ పాఠాన్ని పంపుతుంది. మీరూ ఆ పద్ధతినే అనుసరించవచ్చు.

ఇక భద్రత. 2015లో లైనక్స్ 4.3తో వచ్చిన యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డి, నడుస్తున్న మెషిన్‌ను ఒక హోస్ట్ నుంచి మరో హోస్ట్‌కు తరలించి మిగిలిన పేజీలను తర్వాత తెచ్చుకునే పోస్ట్‌కాపీ మైగ్రేషన్ అవసరాన్ని ప్రధానంగా దృష్టిలో పెట్టుకుని రూపొందింది. ఆ హ్యాండిల్, అంటే ఆ డిస్క్రిప్టర్, ఎవరి దగ్గరున్నా, దానిమీద చేసే ఐఓక్టల్స్ (కెర్నల్‌కు ఇచ్చే నియంత్రణ ఆజ్ఞలు) పనిచేసేది దాన్ని సృష్టించిన ప్రాసెస్ మెమరీ మీదే. హ్యాండిల్ ఉన్నవారు గెస్ట్ మెమరీని దాని ద్వారా చదవలేరు, ఇప్పటికే నిండిన పేజీని కాపీ ఆజ్ఞతో మార్చలేరు. కానీ ఇంకా రాని పేజీలో తమకు నచ్చినది పెట్టగలరు, గెస్ట్ సీపీయూను ఎంతసేపైనా నిలబెట్టగలరు, అదే ప్రాసెస్‌లో మీరు ఉద్దేశించని ఇతర మెమరీ భాగాలను కూడా రిజిస్టర్ చేయగలరు. కాబట్టి దీన్ని లాగ్ ఫైల్ డిస్క్రిప్టర్ లాంటి మామూలు వస్తువుగా చూడడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

మానిటర్‌నూ హ్యాండ్లర్‌నూ ఒకే తల్లి ప్రాసెస్ ప్రారంభిస్తున్నట్లయితే, సాకెట్‌పెయిర్‌తో జత సాకెట్లను తయారుచేసి చెరొకటి ఇవ్వడం అన్నిటికంటే మంచిది. అప్పుడు ఫైల్ వ్యవస్థలో బయటివారు కనెక్ట్ కావడానికి దారే ఉండదు. పేరున్న సాకెట్ తప్పనిసరైతే, దాన్ని యజమానికి మాత్రమే ప్రవేశం ఉండే 0700 అనుమతులున్న డైరెక్టరీలో పెట్టి, డిస్క్రిప్టర్ పంపే ముందే ఎస్ఓ పీర్‌క్రెడ్‌తో అవతలివారి యూజర్ ఐడీని సరిచూడండి. అందుకునేవైపు క్లోజ్ ఆన్ ఎగ్జెక్ జెండాతో అందుకోవాలి, లేకపోతే హ్యాండ్లర్ తర్వాత ప్రారంభించే ప్రతి ప్రోగ్రామ్‌కూ ఆ హక్కు వారసత్వంగా పోతుంది. సందేశం కత్తిరించబడిందని జెండా వచ్చినా, ఒకటికి మించి డిస్క్రిప్టర్లు వచ్చినా, అన్నిటినీ మూసేసి కనెక్షన్ తెంచండి.

చాలామంది మరిచిపోయే రెండో దిశ ఒకటుంది. గెస్ట్ దాడి చేసి మానిటర్‌ను లొంగదీసుకుంటే, అది తప్పుడు చిరునామాలూ ఆఫ్‌సెట్లూ పంపి, హ్యాండ్లర్ చేత తనది కాని డేటాను చదివించి తన మెమరీలో పెట్టించుకోగలదు. అందువల్ల ప్రతి ఫాల్ట్ చిరునామా ముందే ఒప్పుకున్న భాగాల లోపల ఉందా, లెక్కించిన ఆఫ్‌సెట్ స్నాప్‌షాట్ ఫైల్ పరిమాణాన్ని దాటుతోందా అని హ్యాండ్లర్ చూడాలి. ఒక్కో మెషిన్‌కు ఒక్కో హ్యాండ్లర్, దానికి ఆ మెషిన్ స్నాప్‌షాట్ ఒక్కటే తెరిచి ఇవ్వడం నా సలహా.

హ్యాండ్లర్ చనిపోతే ఏమవుతుందో కూడా ముందే ఆలోచించండి. మానిటర్ తన దగ్గర ఒక ప్రతిని తెరిచి ఉంచుకుంటే, గెస్ట్ తర్వాతి ఫాల్ట్ దగ్గర ఆగిపోతుంది. ఎవరి దగ్గరా ప్రతి మిగలకపోతే, రిజిస్ట్రేషన్ రద్దయి, గెస్ట్ అడిగిన పేజీల స్థానంలో మారుమాట లేకుండా సున్నాలు నిండుతాయి. మొదటిది కళ్లకు కనిపించే వైఫల్యం, రెండోది డేటాను చెడగొట్టే వైఫల్యం. అందుకే మానిటర్ ప్రతిని మూయకుండా ఉంచి, హ్యాండ్లర్ పడిపోయిన వెంటనే మెషిన్‌నూ ఆపేసే కాపలా ఒకటి పెట్టాలి.

ప్రశ్న: మా సర్వర్లలో మామూలు యూజర్లకు యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డి అనుమతి లేదు. యూజర్ మోడ్ ఓన్లీ జెండా పెడితే అనుమతి అక్కర్లేదని చదివాను. మానిటర్‌కు అది చాలదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలదు. ఆ జెండా పెడితే కెర్నల్ లోపల జరిగే ఫాల్ట్‌లు హ్యాండ్లర్‌కు రావు. లైనక్స్ కెర్నల్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యమైన కేవీఎం కింద నడిచే గెస్ట్ ఒక పేజీని తాకినప్పుడు హోస్ట్‌లో ఆ పేజీని తెచ్చే పని కెర్నలే చేస్తుంది గనుక, మీకు కావలసిన ఫాల్ట్‌లే తప్పిపోతాయి. కెర్నల్‌ను కాపీ మధ్యలో కావలసినంతసేపు ఆపి, టైమింగ్ లోపాలను దోపిడీ చేయడానికి ఈ సౌకర్యం పనికొచ్చింది కాబట్టే, లైనక్స్ 5.11 నుంచి మామూలు యూజర్లకు పూర్తి అనుమతిని డిఫాల్ట్‌గా తీసేశారు. ఆ అనుమతిని నియంత్రించే సిస్‌కంట్రోల్ (కెర్నల్ సెట్టింగ్)‌ను 1కి మార్చి ఆ తలుపును అందరికీ తెరవకండి. లైనక్స్ 6.1 నుంచి డెవ్ డైరెక్టరీలో యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డి పేరుతో డివైస్ ఫైల్ ఉంది. దాన్ని మానిటర్ నడిచే గ్రూప్‌కు మాత్రమే ఇస్తే, మానిటర్ దాని ద్వారా హ్యాండిల్ సృష్టించి హ్యాండ్లర్‌కు పంపగలదు, హ్యాండ్లర్‌కు ఆ డివైస్ అనుమతి అవసరమే ఉండదు.