ఎత్తిపొడుపులో ‘పొడుపు’ ఎక్కడిది?

సందేహం: “ఆయన సినిమా చూశాను, హాల్లో ఏసీ బ్రహ్మాండంగా పనిచేసింది” అని ఒక నటుడు ఇంకో నటుణ్ణి అన్నాడనుకోండి. ఇది ఎత్తిపొడుపా, దెప్పిపొడుపా, చురకా? పత్రికలవాళ్లు అన్నిటికీ ‘సెటైర్’ అనే రాస్తున్నారు.

సమాధానం: రాస్తారు మరి. ఒకణ్ణి పట్టుకుని వెధవ అన్నా సెటైరే, కౌంటరే. తిట్టుకి తిట్టు అనే పేరు ఉండగా ఈ మొహమాటం దేనికి?

‘ఎత్తు’ సంగతి తెలిసిందే. “ఆ మాట ఎత్తకు” అంటామే, ఆ ఎత్తడమే. ‘పొడుపు’ అనగానే అందరికీ కత్తిపోటు గుర్తొస్తుంది. నాకు పొడుపుకథ గుర్తొస్తుంది. ఎత్తిపొడుపులోనూ పొడుపుకథలోనూ ఉన్నది ఒకటే పొడుపని నా పట్టు. కాదనేవాళ్లతో ఇంకా వాదిస్తూనే ఉన్నాను. పొడుపుకథలో ముడి వేసేవాడు ఒకడు, విప్పుకునేవాళ్లు విన్నవాళ్లు. పేరున్నవాళ్ల గొడవల్లోనూ అంతే. అన్నవాడు పొగిడినట్టే ఉంటాడు, ముడి విప్పి నవ్వేది జనం. దెబ్బ తిన్నవాడు ఎవరి మీద కోప్పడాలి?

ధూర్జటి మీది చాటువు చూడండి. అది చరిత్ర కాదు, కథే అనుకుందాం. “స్తుతమతి యైన యాంధ్రకవి ధూర్జటి పల్కుల కేల గల్గెనో యతులిత మాధురీమహిమ” అని రాయలవారు అడిగారట. ఆ మాటలకి అంత తీపి ఎలా వచ్చిందని. తెనాలి రామకృష్ణుడు వెంటనే “హా తెలిసెన్” అని అందుకుని, వారకాంతల అధరామృతం ఎప్పుడూ తాగుతుండటం వల్ల అని పూర్తిచేశాడట. పద్యం చంపకమాల. రెండో పాదంలో పదో అక్షరం దాకా పొగడ్తే. పదకొండోది యతిస్థానం, సరిగ్గా అక్కడ పడింది ‘హా’! రాజుగారి పొగడ్తలో ఒక్క అక్షరం కూడా కాదనలేదు. తీపి ఉందని ఒప్పుకున్నాడు, ఎక్కడిదో చెప్పాడంతే. పాపం, శివభక్తుడైన కవి దేన్ని ఖండించాలి? తీపినా, తాగడాన్నా? ఆలంకారికులు దీన్నే వ్యాజస్తుతి అన్నారు.

తిరుపతి వేంకట కవులకీ కొప్పరపు కవులకీ నడిచిన వివాదంలో ఇలాంటివీ ఉన్నాయి, ఉత్త తిట్లూ ఉన్నాయి. కాకపోతే తిట్లకీ గణాలు తప్పలేదు.

మిగతావి క్లుప్తంగా. చేసిన మేలో, పాత తప్పో పదేపదే గుర్తుచేస్తే దెప్పిపొడుపు. వ్యంగ్యం అంటే అసలు ధ్వనించే అర్థం, ఇప్పుడు ఎగతాళికి దిగింది. చురక అంటే వాత, ఒకప్పుడు జబ్బు నయం కావాలని పెట్టేవారు.

మీ ఏసీ మాటని నేను ఎత్తిపొడుపనే అంటాను. ఆ నటుడు అతన్ని సినిమాల్లోకి తెచ్చినవాడై, అది కూడా కలిపి అంటే దెప్పిపొడుపు అవుతుంది. చురక అనడం మాత్రం పూర్తిగా తప్పని చెప్పలేను. రెండోవాడి తరవాతి సినిమా చూశాక మళ్లీ రాయండి.