అమెరికా దక్షిణాది ఎస్టేట్లలో బానిసల ఇళ్లు అంత తక్కువగా ఎందుకు మిగిలాయి?

ఎక్కువ శాతం చవక కలపతో, సరైన పునాది లేకుండా కట్టినవి కావడం, తర్వాత వాటిని పట్టించుకునేవాళ్లు లేకపోవడమే కారణం. 1865లో బానిసత్వం రద్దయ్యాక కూడా చాలాచోట్ల పాలుకు సాగు చేసే నల్లజాతి కుటుంబాలు అందులోనే కాపురమున్నాయి. వాళ్లు పట్నాలకు వలసపోయాక చెదలు, వాన మిగతా పని కానిచ్చాయి. మాంసం పొగబెట్టే గది, ధాన్యపు కొట్టం లాంటివి సేద్యానికి పనికొచ్చాయి కాబట్టి కొంత మెరుగ్గా నిలిచాయి.

దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని బూన్ హాల్ అనే ఎస్టేట్ చూడండి. అక్కడ దారి పక్కన తొమ్మిది ఇటుక ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇటుకలు ఆ ఎస్టేట్‌లోనే బానిసల చేత చేయించినవి. విచిత్రమేమంటే, ఇప్పుడు కనిపించే యజమాని బంగళానే కొత్తది, 1936లో కట్టింది!

వీటిని చూసి ‘బానిసలంతా ఇటుక ఇళ్లలో బాగానే బతికారన్నమాట’ అనుకోవడం పొరపాటు. ఇవి ఇంటి పనివాళ్లకీ, చేతిపనుల వాళ్లకీ ఇచ్చినవి, పైగా వచ్చేపోయే అతిథుల కంటపడే చోట ఉన్నవి. పొలంలో చాకిరీ చేసినవాళ్ల చెక్క గుడిసెలు దూరంగా ఉండేవి. అవే మిగల్లేదు.