సేఫ్టీ బెల్టు కట్టుకుంటే ఎత్తు నుంచి పడినా ప్రమాదం ఉండదా?

నిర్మాణ పనుల్లో బెల్టు కట్టుకున్న కార్మికుడికీ ప్రమాదం జరగవచ్చు. నడుముకు మాత్రమే కట్టే పాతరకం బెల్టు పడేటప్పటి కుదుపునంతా పొట్ట మీద, వెన్నెముక మీద మోపుతుంది కాబట్టి, ఆ బలాన్ని తొడలకు, కటికి, ఛాతీకి, భుజాలకు పంచే ఫుల్ బాడీ హార్నెస్‌నే (ఒంటిని చుట్టే పట్టీల కట్టునే) వాడాలి.

ఎక్కువమంది పట్టించుకోనిది కింద ఉండవలసిన ఖాళీ. హార్నెస్ వీపు మీది రింగును పైన కొక్కేనికి కలిపే తాడు పొడవు 1.8 మీటర్లు, కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగేది మరో 1.2 మీటర్లు, ఆ రింగు నుంచి పాదాల వరకు 1.5 మీటర్లు, జాగ్రత్త కోసం ఒక మీటరు కలిపితే, కొక్కెం తగిలించిన చోటు నుంచి కిందికి సుమారు 5.5 మీటర్లు కావాలి. అంటే 3 మీటర్ల ఎత్తున్న స్లాబు మీద కాళ్ల దగ్గర కొక్కెం తగిలిస్తే, తాడు బిగిసేలోపే మనిషి నేలను తాకుతాడు. అటువంటి చోట్ల అంచు వెంట రెయిలింగు కట్టడమే మేలు; అసలు ఏ రక్షణ పరికరమైనా దాని తరువాతదే. హార్నెస్ తప్పనిసరైతే, పొట్టి తాడును తలకన్నా ఎత్తున, గట్టి ఆధారానికి తగిలించాలి. పరంజా గొట్టాన్నో, నీళ్ల పైపునో నమ్ముకోకూడదు.

పడి వేలాడుతున్న వ్యక్తి కదలకుండా ఉంటే, పట్టీల ఒత్తిడికి కాళ్లలో రక్తం నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అందుకే దించే ఏర్పాటు పని మొదలుకాకముందే ఉండాలి. ఒకసారి పడుతున్న మనిషిని ఆపిన హార్నెస్, పైకి బాగానే కనిపించినా, మళ్లీ వాడరాదు.