రాష్ట్రపతి అభ్యర్థి మీద ఓటరు కేసు వెయ్యొచ్చా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది తిరుపతి కొర్లగుంట. మొన్న టీ అంగడి దగ్గర మాట మీద మాట వచ్చింది. ఒబామా అమెరికాలో పుట్టలేదని కోర్టుకు పోతే విచారణే లేకుండా కొట్టేశారంట గదా, అట్లెట్లా కొట్టేస్తారు? రేపు మన దగ్గర రాష్ట్రపతికి నిలబడినాయనకి అర్హత లేదని తెలిస్తే నేను కోర్టుకు పోవచ్చా? నేనూ ఓటరునే గదా.

జవాబు: పోయినా నీ పిటిషన్ నిలవదు తమ్ముడూ.

ముందు అమెరికా సంగతి. అక్కడ ప్రెసిడెంట్ కావాలంటే పుట్టుకతో పౌరుడై ఉండాల, 35 ఏళ్ళు నిండాల, 14 ఏళ్ళు ఆ దేశంలో ఉండుండాల. 2008లో ఒబామా మీద ఒకాయన, ఆయనకి పోటీగా నిలబడిన, పనామా కాలువ జోన్‌లో పుట్టిన మెకెయిన్ మీద ఇంకొకాయన ఫెడరల్ కోర్టుల్లో కేసులేస్తే రెండూ ఒకే మాట మీద పోయినాయి, దీంతో నీకంటూ విడిగా జరిగిన నష్టమేంది అని. ఊరందరికీ ఉండే బాధే నీకూ ఉంటే అక్కడ చాలదు. దీన్నే స్టాండింగ్ అంటారు, మన లాయర్లు లోకస్ స్టాండై అంటారు. కేసు కొట్టేశారంటే ఆయనకి అర్హత ఉందని కోర్టు తేల్చినట్టు కాదు, అడగాల్సింది నువ్వు కాదు అన్నట్టు, అంతే. చాలామంది ఇక్కడే పొరపడతా ఉండారు.

మన దగ్గర ఎవరు అడగాలో రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల 1952 చట్టంలోనే రాసిపెట్టినారు. పోయేది నేరుగా సుప్రీంకోర్టుకే, అదీ ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపల, వేసేది పోటీ చేసిన అభ్యర్థి అయినా కావాల, లేదంటే కనీసం 20 మంది ఓటర్లు కలిసి వెయ్యాల. ఆ ఓటర్లంటే మనం కాదు, గెలిచిన ఎంపీలు, ఎమ్మెల్యేలు. మన తిరుపతి ఎమ్మెల్యే ఓటుకి 159 విలువ ఉంది గానీ నీకూ నాకూ ఆ ఎన్నికలో ఓటే లేదు. అదే ఎమ్మెల్యే ఎన్నిక మీదైతే ఈ నియోజకవర్గం ఓటరుగా నువ్వొక్కడివే 45 రోజుల్లో హైకోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు.

పోనీ నామినేషన్ వేసి అభ్యర్థినైపోతా అంటావేమో, దానికి ఆ ఓటర్లలోనే 50 మంది ప్రతిపాదించాల, ఇంకో 50 మంది బలపరచాల. 1977లో మన సంజీవరెడ్డిగారి ఎన్నికలో 37 మంది వేస్తే ఆయనదొక్కటే నిలిచింది. నామినేషన్ పోయిన ఒకాయన సుప్రీంకోర్టుకు పోతే, నువ్వు చట్టప్రకారం అభ్యర్థివే కావు, నీకు హక్కు లేదు పొమ్మన్నారు. 2012లో సంగ్మా నిజంగా పోటీ చేసినాయన కాబట్టి ప్రణబ్ ముఖర్జీ లాభదాయక పదవిలో, అంటే అర్హతకి అడ్డమయ్యే సర్కారు పదవిలో ఉన్నారన్న ఆయన వాదన ఐదుగురు జడ్జీలు విన్నారు, చివరికి 3-2తో ఓడిపోయినారు.

నన్నడిగితే 20 మంది లెక్క తప్పు కాదు, కానీ మామూలు మనిషి చేతికి ఆధారం దొరికితే ఒక్క దోవన్నా ఉండాల్సింది. ఇప్పటికైతే నీ దగ్గర కాగితం ఉంటే మీ ఎమ్మెల్యేనో ఎంపీనో పట్టుకో, ఫలితం వచ్చేదాకా ఆగకుండా ముందే.