డాలర్ల లెక్క రాసుకుంటూ చదువు

చిన్నోడా,

నీ మెసేజ్ రాత్రే చూశాను. జాక్ కెరువాక్ నవల 'ఆన్ ది రోడ్' రెండు రోజుల్లో చదివేశావు, ఇప్పుడు ఈ ఉద్యోగం, ఈఎంఐలు అన్నీ నాటకంలా కనిపిస్తున్నాయి, పేపర్ పెట్టేసి ఎటైనా వెళ్ళిపోతానంటున్నావు. వద్దనడానికి నాకు మొహం చెల్లదు. ఇరవై నాలుగేళ్ళప్పుడు అదే పుస్తకం చదివి, బ్యాంకులో చెప్పా పెట్టకుండా నెల్లూరులో లారీ ఎక్కినవాణ్ణి నేను. నాగపూర్ చేరేసరికి ఒళ్ళు కాలే జ్వరం, జేబులో పదకొండు రూపాయలు. మీ అమ్మకి టెలిగ్రాం ఇస్తే రెండు వందలు మనీఆర్డరు పంపింది, అప్పటి టీచరు జీతంలో అదెంతో నీకు తెలీదు.

అందుకే చెబుతున్నా, ఆ పుస్తకం ఇంకోసారి చదువు. ఈసారి పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఎవరి డబ్బు ఎక్కడ ఖర్చయిందో రాసుకుంటూ చదువు. బ్యాంకు బుద్ధి పోనిచ్చుకోలేదు మావయ్య అనుకో, పర్లేదు.

మొదట్లోనే ఉంది చూడు. 1947 జూలైలో కథ చెప్పే శాల్, మాజీ సైనికుడిగా వచ్చిన భత్యంలో దాచుకున్న యాభై డాలర్లతో బయల్దేరతాడు. మ్యాపులో పొడుగ్గా ఎర్రగీతలా కనబడే రూట్ 6 రోడ్డు పట్టుకుని, వచ్చే పోయే బండ్లు ఆపి ఎక్కితే చాలనుకుంటాడు. బేర్ మౌంటెన్ దగ్గర బండ్ల జాడే లేదు, కుండపోత వాన. తడిసి ముద్దయి న్యూయార్కు తిరిగొచ్చి షికాగోకి బస్సు టికెట్టు కొంటే చేతిలో డబ్బు చాలావరకు దానికే సరి. అంత పేరున్న ప్రయాణం బస్సు టికెట్టుతో మొదలైందిరా! కెరువాక్ ఇదేమీ దాచలేదు, తన మీద తనే నవ్వుకుంటూ రాశాడు. మనమే ఆ పేజీలు గబగబా తిప్పేస్తాం.

కాలిఫోర్నియాలో, దారిలో పరిచయమై ప్రేమించిన టెర్రీతో కలిసి పత్తి ఏరే దగ్గర మాత్రం కాస్త ఆగు. రోజంతా నడుం వంచితే శాల్‌కి గిట్టేది డాలరున్నర. టెర్రీ, ఆమె చిన్న కొడుకు ఇతని కంటే వేగంగా ఏరుతుంటారు. తర్వాత అతను అత్తకి కార్డు ముక్క రాస్తాడు, ఇంకో యాభై వస్తాయి, వెళ్ళిపోతాడు. అలా రాయడానికి టెర్రీకి ఏ అత్తా లేదు. ఇక నల్లజాతి మనిషైతే బొటనవేలు చూపించి అడిగినా శాల్‌కి ఆగినట్టు బండి ఆగేది కాదు, ఏ ఊళ్ళో ఏ హోటల్లో రానిస్తారో చూసుకోవడానికి 1936 నుంచి వాళ్ళకి గ్రీన్ బుక్ అని వేరే గైడే ఉండేది. నల్లజాతి రచయిత ఎల్లిసన్ నవల 'ఇన్విజిబుల్ మ్యాన్' కూడా చదువు, 1952లో వచ్చింది.

శాల్‌ని రోడ్డెక్కించే స్నేహితుడు డీన్ నాకూ భలే నచ్చాడు, ఇప్పటికీ నచ్చుతాడు. కానీ మూడో భాగంలో శాన్ ఫ్రాన్సిస్కోలో, బొటనవేలికి కట్టుతో అతను నిలబడి ఉంటే, స్నేహితుడి భార్య గలాటియా అందరి ముందూ కడిగేస్తుంది, నీకు నువ్వు తప్ప ఇంకెవరైనా పడతారా అన్నట్టు. శాల్ అతన్ని వెనకేసుకొస్తాడు. చివర్లో మెక్సికో సిటీలో శాల్ జిగట విరేచనాలతో మంచం పడితే, అదే డీన్ వదిలేసి పోతాడు. ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి చదువు.

రాసినాయన సంగతీ అంతే. 1951 ఏప్రిల్లో, 120 అడుగుల కాగితపు చుట్ట మీద, మూడు వారాల్లో టైపు కొట్టేశాడని అందరూ చెబుతారు, నిజమే. దాని వెనక కొన్నేళ్ళ నోటుపుస్తకాలున్నాయి, ఆ తర్వాత అచ్చవడానికి 1957 దాకా ఎదురుచూపు ఉంది, ఆయన ఊళ్ళు పట్టుకు తిరిగిన రోజుల్లో వాళ్ళమ్మ బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆయన ప్రేయసి, రచయిత్రి జాయిస్ జాన్సన్ ఆయన్ని మొదటిసారి కలిసినప్పుడు ఆయన జేబు ఖాళీ, బిల్లు ఆవిడే కట్టింది, 1983లో 'మైనర్ క్యారెక్టర్స్'లో రాసింది. తాగి తాగి 47 ఏళ్ళకే పోయాడు. ఆ చుట్ట 2001 వేలంలో 24 లక్షల 30 వేల డాలర్లు పలికింది, కొన్నది ఒక అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ యజమాని.

నీకు బోర్ కొట్టిందన్న శాలింజర్ నవల 'ది క్యాచర్ ఇన్ ది రై' కూడా మళ్ళీ పట్టుకో. లోకమంతా నటిస్తోందని తిట్టే హోల్డెన్ బామ్మ పంపిన డబ్బులతో తిరుగుతాడు, అవీ అయిపోతాయి. చెల్లెలు ఫీబీ క్రిస్మస్‌కని దాచుకున్న 8 డాలర్ల 65 సెంట్లు చీకట్లో అన్న చేతిలో పెడుతుంది. వాడికి ఏడుపొచ్చేస్తుంది, ఆపుకోలేడు. కథలో సగం మర్చిపోయాను కానీ ఆ 65 సెంట్లు గుర్తున్నాయి.

పేపర్ పెట్టే ముందు పదిహేను రోజులు సెలవు పెట్టి, నీ జీతం డబ్బుతో వెళ్ళు. ఇంటికి ఫోన్ చేసి ఎవర్నీ గూగుల్ పే కొట్టమని అడక్కుండా ఎన్నాళ్ళు తిరుగుతావో చూసుకో. ఆ తర్వాత నీ ఇష్టం, నేను మీ అమ్మకి సర్దిచెబుతా.

నా కాపీ కొరియర్‌లో వస్తుంది. మార్జిన్లలో పెన్సిలుతో వేసిన అంకెలు చెరపకు, ఒకట్రెండు కూడికలు తప్పినట్టున్నాయి, సరిచూడు. వెనక అట్ట లోపల రెండు వందలని ఉంటుంది, అది పుస్తకంలోది కాదు. మీ అమ్మది, ఇంకా ఇవ్వలేదు.

మావయ్య