కుర్చీలు కొనబోయే ముందు

చిరంజీవి అమ్మలుకు,

బాబాయి ఆశీస్సులు.

నువ్వు సొంతంగా ఆఫీసు తెరుస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు. పన్నెండు మందితో మొదలుపెడుతున్నావట. మన ఇంట్లో నెల జీతం తీసుకున్నవాళ్లమే గాని ఇచ్చినవాళ్లు ఇంతవరకు లేరు. ఆ సంతోషంలో ఉండగానే మీ నాన్న ఇంకో మాట అన్నాడు. కుర్చీలు, బల్లలు ప్రస్తుతానికి చవకలో ఏవో కొనేసి, లాభాలు వచ్చాక మంచివి చూద్దాం అనుకుంటున్నావట. అది విన్నాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసులకు సామాను కొనడం, హాజరు పట్టికలు చూడడం నా పని. మిగతా విషయాల్లో నీకు తోచినట్టు చెయ్యి. ఈ ఒక్కటి మాత్రం నిదానంగా చదువు.

ముందు లెక్క చెబుతాను, నీకు లెక్క చూపిస్తే గాని నమ్మకం కుదరదు కదా. మంచి కుర్చీ ఒకటి నీ ఉద్యోగి సగం నెల జీతమంత ఖరీదు అనుకుందాం. పదేళ్లు మన్నుతుంది. ఏడాదికి 240 పనిదినాల చొప్పున 2,400 రోజులు. సగం నెల అంటే 10 పనిదినాలు, రోజుకు 8 గంటలు, మొత్తం 4,800 నిమిషాల జీతం. దాన్ని 2,400 రోజులకు పంచితే రోజుకు రెండు నిమిషాలు. ఆ కుర్చీ వల్ల మనిషికి రోజుకు రెండు నిమిషాల పని కలిసి వస్తే నీ డబ్బు నీకు వచ్చేసినట్టే. నడుము పట్టేసి లేవడం, వీపు విరుచుకోవడం, మళ్లీ కూర్చుని పని ఎక్కడ ఆపామో వెతుక్కోవడం, ఒక్కసారికే ఐదు నిమిషాలు పోతాయి. కుర్చీ ఐదేళ్లకే పాడైందనుకున్నా లెక్క రోజుకు నాలుగు నిమిషాలు దాటదు.

ఇంత తేలిక లెక్క వ్యాపారం చేసేవాళ్లకు ఎందుకు కనబడదంటావా? ఖర్చు ఒకచోట కనిపిస్తుంది, నష్టం పదిచోట్ల దాక్కుంటుంది. కుర్చీల బిల్లు ఒకే రోజు, ఒకే కాగితం మీద వచ్చి గుండె గుభేలుమనిపిస్తుంది. మెడ నొప్పి మాత్రం సెలవు చీటీలో ‘ఒంట్లో బాగాలేదు’ అని వస్తుంది. వేళ్ల తిమ్మిరి బిల్లులో తప్పుడు అంకెగా వస్తుంది. పనిమంతురాలు మానేస్తే ‘వ్యక్తిగత కారణాలు’ అని ఉంటుంది. ఆమె స్థానంలో ఇంకొకరిని వెతకడానికి, వాళ్లకు పని నేర్పడానికి, నేర్చుకునేలోపు జరిగే పొరపాట్లు దిద్దడానికి అయ్యే ఖర్చు ఏ ఖాతాలోనూ కుర్చీ పద్దు కింద పడదు. సెలవు పెట్టినవాళ్లనైనా లెక్కపెట్టవచ్చు. నొప్పితోనే వచ్చి సగం మనసుతో పనిచేసేవాళ్లను లెక్కపెట్టే పట్టిక ఏదీ లేదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61 కోట్ల మందికి పైగా నడుము నొప్పితో బాధపడుతున్నారని అంచనా. అదంతా కుర్చీల వల్లనే అని నేను అనను. కానీ నీ పన్నెండు మందిలో ఒకరిద్దరు ఆ నొప్పి వెంటబెట్టుకునే ఉద్యోగంలో చేరతారు. దాన్ని పెంచుతావా, తగ్గిస్తావా అన్నదే నీ చేతిలో ఉన్నది.

ఇప్పుడు నేను పనిచేసిన ఒక సంస్థ సంగతి చెప్పాలి. దాని యజమాని పిసినారి కాదు. ఆ మాట ముందే ఎందుకంటున్నానంటే, నువ్వూ కాదు. ఉద్యోగులు నడుము నొప్పులని చెప్పుకుంటే విని, మీటలూ మరలూ ఉన్న ఖరీదైన కుర్చీలే తెప్పించాడు. బల్లలు మాత్రం అలాగే ఉంచాడు. చూడముచ్చటగా ఉండాలని పొడవాటి బల్లలు, పైన అద్దం, అన్నీ ఒకటే ఎత్తు, 75 సెంటీమీటర్లు.

మా లెక్కల విభాగంలో ఒకావిడ ఉండేది. పొట్టి మనిషి, పనిలో ఘటికురాలు. ఆవిడ వేసిన లెక్కను రెండోసారి చూడాల్సిన అవసరం ఎవరికీ వచ్చేది కాదు. పాదాలు నేలకు ఆనేలా కుర్చీ దించుకుంటే ఆవిడ మోచేతులు నేలకు 63 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేవి. బల్ల అంతకు జానెడు కాకపోయినా అరచెయ్యంత పైన ఉంది. భుజాలు ఎగేసి టైపు చేయాలి. పోనీ అని కుర్చీ పైకి లేపుకుంటే కాళ్లు గాల్లో వేలాడేవి, తొడల కింద అంచు ఒరుసుకుని తిమ్మిరెక్కేవి. కుర్చీకి చేతులు ఆనించుకునే పట్టీలేమో బల్ల అంచుకు తగిలి కుర్చీని దగ్గరకు జరగనిచ్చేవి కావు. దాంతో ఆవిడ కుర్చీ చివరి అంచున కూర్చునేది. అంత డబ్బు పోసి కొన్న వీపు ఆనుడు ఆవిడ వీపుకు ఒక్కనాడూ తగలలేదు. సాయంత్రం అయ్యేసరికి మణికట్టు మీద అద్దం అంచు ఒత్తుకుని ఎర్రగా గీత పడి ఉండేది.

ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. పాత ఫైళ్ల కట్టలు రెండు పురికొసతో కట్టి కాళ్ల కింద పెట్టుకుంది. కొన్నాళ్లు నిక్షేపంగా పనిచేసింది. ఒకరోజు యజమాని ఎవరో అతిథులను తీసుకొచ్చి ఆఫీసు చూపిస్తూ ఆ కట్టలు చూశాడు. ఇదేమన్నా గోదామా అని అప్పటికప్పుడు తీయించేశాడు. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అలా నోరు విప్పని మనుషులను చూస్తేనే నాకు ఇప్పటికీ భయం, అమ్మలూ. అరిచేవాళ్ల సమస్య ఎలాగో తీరుతుంది.

ఆ తర్వాత సగం రోజు సెలవులు మొదలయ్యాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచెయ్యి విదిలించుకునేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారుతున్నాయని చివరికి ఎప్పుడో చెప్పింది. బిల్లుల్లో అంకెలు తారుమారయ్యాయి. తర్వాత రాజీనామా, వ్యక్తిగత కారణాలు. ఏ ఖాతాదారు ఆలస్యంగా కడతాడో, ఎవరికి ఎప్పుడు ఫోను చేస్తే డబ్బు వస్తుందో, అదంతా ఆవిడ తలలో ఉండేది, ఏ ఫైలులోనూ లేదు. ఆవిడ పనికి ఇద్దరిని పెట్టుకున్నా వసూళ్లు పూర్వంలా సాగలేదు. అంత మంచి కుర్చీలు ఇచ్చినా మనుషులు నిలవడం లేదని ఆ యజమాని చివరిదాకా అంటూనే ఉన్నాడు. ఆవిడకు కావలసింది ఒక కాలిపీట, బల్ల కింద కీబోర్డు పెట్టుకునే ఒక జారుడు పలక. బ్రిటన్‌లో 1992 నాటి నిబంధనల ప్రకారం, కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లు కాలిపీట కావాలంటే యజమాని ఇచ్చి తీరాలి. అంత చిన్న వస్తువును చట్టంలో ఎందుకు రాశారో ఆ ఫైళ్ల కట్టలు చూసినవాణ్ణి, నాకు తెలుసు.

కాబట్టి దుకాణానికి వెళ్లే ముందు టేపు పట్టుకో. పన్నెండు మందికీ ఒకే సైజు చెప్పులు కొనవు కదా. 1994లో వచ్చిన ఏరాన్ కుర్చీని తయారుచేసినవాళ్లు దాన్ని మూడు సైజుల్లో తెచ్చింది ఇందుకే. ఒక్కొక్కరినీ పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టు. భుజాలు వదులుగా ఉంచి మోచేతులు మడవమను. నేల నుంచి మోచేతికి ఎంత, మోకాలి వెనక మడతకు ఎంత, రెండు కొలతలు రాసుకో. కీబోర్డు మోచేతి ఎత్తులో ఉండాలి. బల్లను, కుర్చీని కలిపే ఎంచాలి, విడివిడిగా కాదు. ఎత్తు మార్చుకునే బల్ల కొంటే అమ్మేవాళ్లు ఎంత పైకి లేస్తుందో చూపిస్తారు, నువ్వు ఎంత కిందికి దిగుతుందో అడుగు. బల్ల కాళ్లు రెండు అంచెలుగా ముడుచుకునే రకాలు చాలావరకు 70 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి, పొట్టివాళ్లకు అవి పనికిరావు. మూడు అంచెలవి ఇంకా కిందికి దిగుతాయి.

కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. చేతిపట్టీలు బల్ల కిందికి దూరేంత దిగాలి. నడుము ఒంపు దగ్గర ఆసరా పైకీ కిందికీ జరగాలి. వెనక్కి వాలే మీటను బిగించి ఉంచవద్దని అందరికీ చెప్పు. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో వెన్నుపూసల మధ్య సూది దించి ఒత్తిడి కొలిచాడు. ఆసరా లేకుండా కూర్చుంటే నిలబడినప్పటికంటే ఒత్తిడి ఎక్కువని తేల్చాడు. తర్వాతి పరిశోధకులు ఆ తేడా అంత లేదన్నారు గాని, వెనక్కి వాలితే భారం తగ్గుతుందన్న మాట మాత్రం నిలబడింది. గట్టి నేలకు మెత్తని చక్రాలు, తివాచీకి గట్టి చక్రాలు అడుగు. ఆఫీసు కుర్చీల గట్టిదనం, భద్రత చూసే బిఫ్మా ఎక్స్5.1 పరీక్షకు నిలిచినవా అని కూడా అడుగు. డబ్బు చాలకపోతే మూతపడిన ఆఫీసుల నుంచి వచ్చే మంచి కుర్చీలు వాడినవే కొను, కొత్త నాసిరకం కంటే అవి వెయ్యి రెట్లు మేలు.

ల్యాప్‌టాప్ ఇస్తే విడిగా కీబోర్డు, తెర ఎత్తుకు ఒక స్టాండు ఇవ్వాల్సిందే.

కొన్న తర్వాత అసలు పని మొదలవుతుంది. నేను చెప్పిన ఆ సంస్థలో ఏడాది దాటినా మీటలకు వేలాడే సూచన చీటీలు ఎవరూ విప్పనే లేదు. అమెరికాలో ఒక రాష్ట్ర పన్నుల శాఖలో జరిపిన అధ్యయనం 2003లో వెలువడింది. కొందరికి మంచి కుర్చీ ఇచ్చి సర్దుకోవడమూ నేర్పారు, కొందరికి నేర్పడం మాత్రమే చేశారు, కొందరిని ఉన్నట్టే వదిలేశారు. కుర్చీ, శిక్షణ రెండూ అందినవాళ్లకు పగలంతా పెరిగే నొప్పి తగ్గింది, పనిచేసిన సమయానికి వాళ్లు వసూలు చేసిన పన్ను దాదాపు 18 శాతం పెరిగింది. నీకూ అంతే పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు, ప్రతి ఆఫీసూ పన్నుల శాఖ కాదు. కానీ మొదటి వారంలో ఒక్కొక్కరి పక్కన పావుగంట కూర్చుని సర్దిపెట్టు. ఆ పని ఇంకెవరికీ అప్పగించవద్దు.

ఇంకో మాట. 1713లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని రాయసగాళ్ల, అంటే రాతపని చేసే గుమాస్తాల, జబ్బులకు మూడు కారణాలు చెప్పాడు. ఎడతెగకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరున ఆడించడం, తప్పు రాకూడదని మనసు బిగబట్టుకుని ఉండడం. మొదటి రెండింటికి సామాను సాయం చేస్తుంది, అదీ మనుషులు మధ్యమధ్య లేచి తిరిగితేనే. మూడోది నీ మాట తీరును బట్టి ఉంటుంది. మీ నాన్న కోపమే నీకూ అబ్బింది. గడువు దగ్గరపడిన రోజున ఎవరి వెనకా నిలబడి తెర చూడకు.

చివరగా నీ సంగతి. పరీక్షలప్పుడు మంచం మీద బోర్లా పడుకుని తెల్లవార్లూ చదివి, పొద్దున మెడ తిప్పలేక ఏడిచినదానివి. ఇప్పుడు అందరికీ మంచివి కొని, మిగిలిపోయిన పాత కుర్చీ నువ్వు తీసుకుంటావు. త్యాగం అనుకుంటావు. యజమానురాలే నొప్పి ఓర్చుకుంటూ కూర్చుంటే కింది ఉద్యోగి కాలిపీట కావాలని నోరు తెరిచి ఎలా అడుగుతాడు? పైగా ఆ ఆఫీసులో అందరికంటే ఎక్కువసేపు కూర్చునేది నువ్వే.

డబ్బు సర్దుబాటు కాకపోతే గోడల హంగులు, ముందు గది సోఫాలు వాయిదా వెయ్యి. దుకాణం నుంచి రెండు రకాల కుర్చీలు వారం రోజులకు తెప్పించుకుని, మీలో అందరికంటే పొడుగైన మనిషిని, పొట్టి మనిషిని వాటిలో పనిచేయించి చూడు. ఆర్డరు పెట్టే ముందు కొలతల పట్టిక నాకు పంపు, పన్నెండు కాదు పదమూడు పేర్లు ఉండాలి. నీ పేరు లేకపోతే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
బాబాయి