సెస్నా 172లో జోహన్నెస్‌బర్గ్ నుంచి విక్టోరియా జలపాతం దాకా వెళ్లొచ్చా?

జోహన్నెస్‌బర్గ్‌లో పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్సు) పూర్తయింది, సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న అద్దె విమానంలో బోట్స్వానా మీదుగా విక్టోరియా జలపాతం దాకా వెళ్లిరావచ్చా, అందులో కష్టమేది అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. నేను ఆ దారిలో నడిపాను. విమానం నడపడం కంటే ఇంధనం, ఎండ ఈ రెండిటి లెక్కే మనల్ని ఎక్కువ పరీక్షిస్తుంది.

జోహన్నెస్‌బర్గ్ దగ్గరి లాన్సేరియా విమానాశ్రయం నుంచి బోట్స్వానాలోని మౌన్ పట్టణం సుమారు 800 కిలోమీటర్లు. 172 గంటకు 200 చొప్పున పోతే నాలుగు గంటలు. కాగితం మీద ట్యాంకులు సరిపోతాయి. కానీ ఎదురుగాలి తగిలితే మిగిలేది తక్కువ, కలహారి ఎడారిలో "పక్క ఊళ్లో దిగుదాంలే" అనుకోవడానికి పక్క ఊరే ఉండదు. అందుకే నేను బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో దిగి, ఇమిగ్రేషన్, కస్టమ్స్ ముగించుకుని, ట్యాంకులు నింపుకుని మౌన్ వెళ్లాను. 172కి కావాల్సిన ఆవ్‌గ్యాస్ (విమాన పెట్రోలు) ఉందో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. జెట్ విమానాల ఇంధనం జెట్ ఏ1 ఎంత ఉన్నా మనకు పనికిరాదు. పోసేటప్పుడు పక్కనే నిలబడండి. కాసేపాగి రెక్క కింది డ్రెయిన్ నుంచి గొట్టంలోకి కొంచెం పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే లేత నీలం కనబడాలి, అడుగున నీటిబొట్టు ఉండకూడదు. డ్రమ్ముల్లోంచి పోసేచోట ఇంకోసారి పట్టి చూడండి.

ఇక ఎండ. లాన్సేరియా రన్‌వే ఉన్నదే సుమారు 4,500 అడుగుల ఎత్తున. 30 డిగ్రీల మధ్యాహ్నం వేడికి గాలి పలచబడి, ఇంజిన్‌కీ రెక్కలకీ అది 7,400 అడుగుల ఎత్తుతో సమానం. నిండు ట్యాంకులతో నలుగురు, సామాను అంటే కుదరదు. ఇద్దరే వెళ్లండి, తెల్లవారగానే బయల్దేరండి. పొద్దెక్కాక కలహారి మీద కుదుపులు మొదలవుతాయి. 8,500 అడుగుల్లో కాస్త నయం.

మే నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం, ఆకాశం శుభ్రంగా ఉంటుంది. నవంబరు నుంచి మార్చి వరకు మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు. మక్‌గడిక్‌గడి ఉప్పు మైదానాల మీద మంచి వెలుతురులోనే వెళ్లండి. మసక ఉన్న రోజు కింద నేల, పైన ఆకాశం ఒకే తెలుపు, రెండూ కలిసే గీత (హొరైజన్) దొరకదు. అప్పుడు కళ్లను కాదు, ఇన్‌స్ట్రుమెంట్లను నమ్మాలి.

జూన్, జూలైల్లో వెళ్తే ఒకవాంగో డెల్టాను చూడటం వదులుకోవద్దు. అక్కడ చినుకు పడని ఆ కాలంలోనే, అంగోలా కొండల్లో నెలల కిందట కురిసిన వాన నెమ్మదిగా పారుకుంటూ వచ్చి మౌన్ చేరుతుంది. గంటల తరబడి గోధుమరంగు ఇసుక చూశాక ఒక్కసారిగా పచ్చని పాయలు, వాటిలో దిగిన ఏనుగులు. పైలట్ అయినందుకు ఎంత ఆనందించానో!

అడవి మధ్య ఎయిర్‌స్ట్రిప్‌లో దిగాల్సివస్తే ముందు ఒకసారి తక్కువ ఎత్తులో పైనుంచి వెళ్లి జంతువులు లేవని చూసుకోండి. విమానాన్ని బోట్స్వానా సరిహద్దు ఊరు కసానేలో ఉంచి జలపాతానికి రోడ్డు మీద వెళ్తే సుమారు 80 కిలోమీటర్లే. సరిహద్దు దాటడానికి యజమాని అనుమతి, బీమా రాతపూర్వకంగా తీసుకోండి. మనిషికి రెండు రోజుల నీళ్లు, శాటిలైట్ ట్రాకర్ తప్పనిసరి, చాలాచోట్ల రేడియోలో ఎవరూ పలకరు.

మీ 172 ఏ మోడల్, ట్యాంకులు ఎంత పడతాయో రాయండి. మజిలీల వారీగా లెక్క వేసి పెడతాను.